క్లినికల్ ట్రయల్‌లో చేరాలంటే

కొన్ని లక్షణాలు ఒకే మనిషిలో కలిసి కనిపిస్తుంటే వైద్యులు ఆ గుంపుకు ఒక పేరు పెట్టి సిండ్రోమ్ అంటారు. కారణం తెలిసినవి కొన్ని ఉన్నాయి. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటే డౌన్ సిండ్రోమ్. ఎంఈసీపీ2 అనే జన్యువులో మార్పు వస్తే, ఎక్కువగా ఆడపిల్లల్లో, రెట్ సిండ్రోమ్. పీసీఓఎస్, ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ లాంటివాటికి కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో మూత్రంలో ప్రొటీన్ పోయి పిల్లల ముఖం, కాళ్లు ఉబ్బుతాయి. దాని వెనక ఉన్న కిడ్నీ జబ్బు మాత్రం అందరిలో ఒకటే కాదు. పైకి పేరు ఒకటే, లోపల వ్యవహారం వేరు. అందుకే ఒకరికి పనిచేసిన మందు మరొకరి దగ్గర పనిచేయదు. జన్యువుల వల్ల వచ్చే సిండ్రోముల్లో చాలావాటికి మూలాన్ని సరిచేసే మందే లేదు. అలాంటి ఇళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది: ఎక్కడైనా ట్రయల్ జరుగుతోందా, మనవాళ్లను చేర్చుకుంటారా?

డాక్టరు రాసే చీటీకి, ట్రయల్‌కు తేడా ఉద్దేశంలోనే ఉంది. చీటీ ఎదురుగా ఉన్న రోగి కోసం. ట్రయల్ ఒక ప్రశ్నకు జవాబు కోసం. ఈ మందు పనిచేస్తుందా, చేస్తే ఎవరికి, ఎంత మోతాదులో, ఏ ప్రమాదంతో అన్నది తేల్చడానికే అంత తతంగం. చేరినవారికి మేలు జరగవచ్చు, జరగకపోవచ్చు, ఒక్కోసారి కీడూ జరగవచ్చు. కొత్త మందు అనగానే మెరుగైన మందు అనుకోవడం సహజం. మెరుగైనదని ముందే తెలిసి ఉంటే ట్రయల్ అవసరమే ఉండదు.

మామూలుగా మందు నాలుగు దశలు దాటుతుంది. మొదటి దశలో కొద్దిమందికి ఇచ్చి శరీరం తట్టుకుంటుందా అని చూస్తారు. రెండో దశలో మోతాదు కుదురుస్తారు. మూడో దశలో పెద్ద సంఖ్యలో జనాన్ని రెండు గుంపులు చేసి పోల్చి చూస్తారు. నాలుగో దశ, మందు బజారులోకి వచ్చాక జరిగే నిఘా. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్ మొదటి దశలో 375 మందికి, మూడో దశలో 25,800 మందికి సంబంధించిన ప్రయోగం. పంజాగుట్ట నిమ్స్ అది జరిగిన కేంద్రాల్లో ఒకటి. అరుదైన జబ్బుల్లో ఈ లెక్కలు నడవవు. రాయవెల్లూరు సీఎంసీ వైద్యులు తీవ్రమైన హీమోఫీలియా-ఏ ఉన్నవారిపై జన్యుచికిత్స ప్రయోగం జరిపి 2024 డిసెంబరులో ఫలితాలు ప్రకటించారు. అందులో పాల్గొన్నది అయిదుగురే. ఆ అయిదుగురిలో ఒక్కొక్కరి రక్తపరీక్షా ఒక ఆధారమే. కాబట్టి అరుదైన సిండ్రోమ్ ఉన్నవారికి పరిశోధకులు ఎంత అవసరమో, పరిశోధకులకు వారూ అంతే అవసరం. బేరమాడే స్థానంలో ఉన్నామని చాలా కుటుంబాలకు తెలియదు.

రెండు గుంపులు చేయడం ఎందుకో సికింద్రాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్రలోంచే చెప్పవచ్చు. 1987-90 మధ్య ఆ సంస్థ హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో ఒక అధ్యయనం నడిపింది. 15 గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ పథకం కింద రోజూ పోషకాహారంగా ఉప్మా అందింది. పథకం ఇంకా చేరని 14 గ్రామాల్లో అందలేదు. 2003-05లో ఆ పిల్లలను వెతికి పట్టుకుని కొలిస్తే, ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. పోల్చడానికి రెండో రకం ఊళ్లు లేకపోతే ఈ మాట చెప్పడం సాధ్యమయ్యేది కాదు; పిల్లలు ఎలాగూ ఎదుగుతారు కదా. అయితే ఏ ఊరు ఏ గుంపులో ఉండాలో అక్కడ చీటీ వేసి తేల్చలేదు, పథకం ఎక్కడికి చేరిందో దాన్నిబట్టి తేలింది. మందుల ట్రయల్స్‌లో ఈ లోపం లేకుండా ఎవరు ఏ గుంపో కంప్యూటరు చేత చీటీ వేయిస్తారు. ఒక గుంపుకు అసలు మందు, రెండో గుంపుకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మందు లేదా ఇప్పటికే వాడుకలో ఉన్న మందు ఇస్తారు. ఎవరికి ఏది వెళ్లిందో చాలా ట్రయల్స్‌లో డాక్టరుకూ తెలియదు. నాకు అసలు మందే ఇవ్వండి అని బతిమాలినా, ఇప్పించే శక్తి ఆయన చేతిలో ఉండదు.

ముందు జబ్బు పేరు తేలాలి

ట్రయల్ వెతకడం ఇంటర్నెట్‌తో మొదలవుతుందనుకుంటారు. నిజానికి మొదలయ్యేది రోగనిర్ధారణతో. రెట్ సిండ్రోమ్‌కు 2023 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన మొదటి మందు ట్రోఫినెటైడ్. దానికి ఆధారమైన మూడో దశ ట్రయల్‌లో 187 మంది బాలికలు, యువతులు పాల్గొన్నారు. వయసు 5 నుంచి 20 ఏళ్ల మధ్య ఉండాలి, ఎంఈసీపీ2 జన్యువులో జబ్బు తెచ్చే మార్పు ఉన్నట్టు పరీక్ష రిపోర్టు ఉండాలి. చేతులు పిసుక్కుంటుంది, మాట పోయింది, నడక తప్పింది అని తల్లి చెప్పే లక్షణాలన్నీ ఉన్నా ఆ కాగితం లేకపోతే చోటు లేదు.

ఆ కాగితం కోసం సికింద్రాబాద్ కుటుంబాలు దూరం పోనక్కర్లేదు. బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యుశాస్త్ర సంస్థ, జన్యువ్యాధుల ఆస్పత్రి ఉన్నాయి. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ, పంజాగుట్ట నిమ్స్ కలిసి కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించిన జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఎక్సలెన్స్ కేంద్రంగా పనిచేస్తున్నాయి. ఆ విధానం పరిధిలోని జబ్బులకు ఈ కేంద్రాల ద్వారా ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం అందే వీలుంది. బుద్ధిమాంద్యంతో కూడిన సిండ్రోములకు బోయినపల్లి మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ పెద్ద దిక్కు. 1984లో మొదలైన ఈ సంస్థకు ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అని పేరు మారినా జనం నోట ఇంకా ఎన్ఐఎంహెచ్‌గానే నానుతోంది. పిల్లవాడి తెలివి, మాట, సొంత పనులు చేసుకునే నేర్పు ఏ స్థాయిలో ఉన్నాయో అక్కడి నిపుణులు అంచనా వేసి రాసిస్తారు. డౌన్, ఫ్రాజైల్-ఎక్స్ లాంటి సిండ్రోముల ట్రయల్స్‌లో మందు పనిచేసిందో లేదో చెప్పేది తరచుగా ఇలాంటి కొలతలే. కాబట్టి ఆ కాగితాన్ని పింఛను కోసం తీసుకున్న సర్టిఫికెట్ అనుకుని బీరువాలో పడేయకూడదు.

తెలుగు నేలకు ఈ విషయంలో ప్రత్యేక కారణమూ ఉంది. మేనరికాలు, కులంలోనే సంబంధాలు తరతరాలుగా నడిచిన చోట తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున లోపమున్న జన్యువులు రెండూ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకుని 2017లో ప్రచురించిన అధ్యయనం దక్షిణాసియాలో 263 సమూహాలను పరిశీలించింది. వాటిలో 81 సమూహాల పుట్టుక యూదులు, ఫిన్లాండ్ ప్రజల కంటే కూడా చిన్న మూలం నుంచి జరిగిందని తేల్చింది. అందులో ఎత్తి చూపిన ఉదాహరణ మన వైశ్యులదే. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలీన్ అనే మందును విరిచే ఎంజైము లోపం వారిలో చాలా ఎక్కువ. మందు వెంటనే విరగక ఊపిరి కండరాలు చాలాసేపు కదలవు. యూదుల్లో, ఫిన్లాండ్‌లో ఇలాంటి జన్యువ్యాధులను దశాబ్దాల కిందటే జల్లెడ పట్టి జాబితాలు రాసుకున్నారు. ఇక్కడ ఆ పని ఆలస్యంగా మొదలైంది. ట్రయల్ పెట్టే కంపెనీ రోగులు ఎక్కడున్నారో తెలిసిన చోటికే వెళుతుంది. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, అరుదైన వ్యాధులకు జాతీయ రిజిస్ట్రీ నడుపుతోంది. ఎక్సలెన్స్ కేంద్రంలో డాక్టరును అడిగి అందులో పేరు నమోదు చేయించుకోవడానికి ఖర్చు లేదు.

ఎక్కడ వెతకాలి

దేశంలో మనుషులపై జరిగే ట్రయల్స్ వివరాలన్నీ ఒకే చోట దొరుకుతాయి. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా, అంటే సీటీఆర్ఐ, 2007 జులై 20న మొదలైంది. నడిపేది ఢిల్లీలోని ఐసీఎంఆర్ సంస్థ. ఔషధ నియంత్రణ అధికారి 2009 జూన్ నుంచి నమోదును తప్పనిసరి చేశారు. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు జరగాలి, జరిగాక చేయిస్తామంటే కుదరదు. అల్లోపతి ఒక్కటే కాదు, ఆయుర్వేదం, హోమియోపతి, యోగా ప్రయోగాలూ ఇందులో ఉంటాయి. పీసీఓఎస్ అని కొట్టి చూస్తే ఎన్నో కనిపిస్తాయి. రెట్ లాంటి అరుదైన పేరు కొడితే వేళ్లమీద లెక్కపెట్టేటన్ని దొరికినా అదృష్టమే.

రిజిస్ట్రీలో ఒక పేజీ ఎలా చదవాలో కోవాగ్జిన్ ఉదాహరణతోనే చూడవచ్చు. మొదటి రెండు దశలకు ఇచ్చిన సంఖ్య సీటీఆర్ఐ/2020/07/026300. మధ్యలో ఉన్నవి సంవత్సరం, నెల. చివరిది వరుస సంఖ్య. పేజీ తెరిస్తే పైన మామూలు మాటల్లో పేరు, దాని కింద శాస్త్రీయ నామం ఉంటాయి. తర్వాత ముగ్గురి వివరాలు వస్తాయి: ప్రధాన పరిశోధకుడు, శాస్త్ర సంబంధమైన ప్రశ్నలకు జవాబిచ్చే వ్యక్తి, ప్రజల ప్రశ్నలకు జవాబిచ్చే వ్యక్తి. ఫోను చేయాల్సింది ఈ మూడో వ్యక్తికి. ఆ కిందనే డబ్బు పెట్టేది ఎవరు, ట్రయల్ జరిగే ఆస్పత్రులేవి, ఒక్కో ఆస్పత్రిలో ఎథిక్స్ కమిటీ (పాల్గొనేవారి భద్రత చూసే సంఘం) ఒప్పుకుందా, ఔషధ నియంత్రణ అధికారి అనుమతి వచ్చిందా అన్నవి ఉంటాయి. ఎవరిని చేర్చుకుంటారు, ఎవరిని వద్దంటారు అన్నవి రెండు వేరు భాగాలు. అన్నిటికంటే ముందు చూడాల్సింది మాత్రం భర్తీ స్థితి. అక్కడ 'ఓపెన్ టు రిక్రూట్‌మెంట్' అని ఉంటేనే తలుపు తెరిచి ఉన్నట్టు. 'నాట్ యెట్ రిక్రూటింగ్', 'క్లోజ్డ్', 'కంప్లీటెడ్' అని ఉన్నవాటిలో మొదటిదాని కోసం కనిపెట్టుకుని ఉండవచ్చు, మిగతా రెండూ ముగిసిన కథ. ఈ గడిని పరిశోధకులు ఎప్పటికప్పుడు మార్చరు. అందువల్ల పేజీ పైన సవరించిన తేదీ చూసి, ఫోనులో ఖాయం చేసుకోవాలి.

ఊరి పేరుతో వెతికేవారికి ఒక చిక్కు. సికింద్రాబాద్ ఆస్పత్రులు రిజిస్ట్రీలో ఎక్కువగా హైదరాబాద్ జిల్లా కింద ఉంటాయి. 2014కు ముందు నమోదైనవి ఆంధ్రప్రదేశ్ కింద కనిపిస్తాయి. గాంధీ, కిమ్స్, యశోద లాంటి ఆస్పత్రులను ఆస్పత్రి పేరుతో వెతకడమే తేలిక. జబ్బు పేరును కూడా రెండు మూడు రకాలుగా కొట్టి చూడాలి: పూర్తి పేరు, పొడి అక్షరాలు, జన్యువు పేరు.

విదేశాల్లో జరిగేవాటికి అమెరికా ప్రభుత్వం 2000 నుంచి నడుపుతున్న క్లినికల్ ట్రయల్స్ డాట్ గవ్ ఉంది. చాలా దేశాల రిజిస్ట్రీలను ఒకచోట చేర్చే ప్రపంచ ఆరోగ్య సంస్థ పోర్టల్ మరొకటి. అక్కడ ట్రయల్ కనిపించినంత మాత్రాన ఇక్కడివారికి చోటు దొరుకుతుందని కాదు. నెలకోసారి ఆస్పత్రికి వెళ్లాలంటే ఆ దేశంలో ఉండాల్సిందే. కానీ అదే కంపెనీ తర్వాతి దశకు భారత్‌లో కేంద్రాలు తెరవవచ్చు. ఆ పేరు గుర్తుపెట్టుకుని ఆరు నెలలకోసారి సీటీఆర్ఐలో వెతకడం వృథా పోదు. ఇంగ్లిష్ ఇబ్బంది ఉన్నవారు చూస్తున్న స్పెషలిస్టునే సూటిగా అడగడం మేలు. తెలుగు రాష్ట్రాల్లో పిల్లల న్యూరాలజిస్టులు, జన్యువైద్యులు కొద్దిమందే. ఎవరి దగ్గర ఏం జరుగుతోందో వారిలో వారికి తెలుస్తుంది. ఒకే జబ్బు ఉన్న పిల్లల తల్లిదండ్రులు నడుపుకునే వాట్సాప్ గుంపులు కూడా వార్త మోయడంలో ముందుంటాయి. అక్కడ వచ్చేది వార్త మాత్రమే. దాన్ని రిజిస్ట్రీ సంఖ్యతో సరిపోల్చుకున్నాకే అడుగు వేయాలి.

వడపోత

ఫోను ఎత్తిన కోఆర్డినేటర్ అడిగేవి సాధారణంగా ఒకేలా ఉంటాయి: వయసు, బరువు, ఖాయమైన రోగనిర్ధారణ, ప్రస్తుతం వాడుతున్న మందులు, ఫిట్స్ ఉన్నాయా, వేరే ట్రయల్‌లో ఉన్నారా. జన్యుపరీక్ష రిపోర్టు, ఎమ్మారై, డిశ్చార్జి సమ్మరీలు, మందుల చీటీలు తేదీల వరుసలో ఒక ఫైలులో ఉంటే సగం పని అయినట్టే. రిపోర్టుల అక్షరాలు వెలిసిపోతుంటాయి. ఫొటో తీసి ఫోనులో దాచుకోవడం ఇంట్లో చదువుకునే పిల్లలెవరైనా చేసే పని.

ప్రాథమికంగా సరిపోతుందనుకుంటే ఆస్పత్రికి పిలిచి వడపోత పరీక్షలు చేస్తారు. ఆ పరీక్షలకు ముందు కూడా సమ్మతి సంతకం తీసుకోవాల్సిందే. లివర్ ఎంజైములు కాస్త ఎక్కువున్నా, గుండె ఈసీజీలో ఒక గీత పొడుగున్నా వద్దంటారు. దాన్ని అవమానంగా తీసుకోనక్కర్లేదు. ఆ మందు హాని చేసే అవకాశం ఉన్నవారిని పక్కన పెట్టడం వారి మంచికే. కొన్ని ట్రయల్స్‌లో ఇప్పుడు వాడే మందును కొన్ని వారాలు ఆపమంటారు. ఫిట్స్ మందులాంటిది ఆపమన్నప్పుడు, ట్రయల్‌తో సంబంధం లేని తమ పాత డాక్టరుకు ఒకమాట చెప్పి చేయడం మంచిది.

అన్నిటికంటే ఎక్కువమందిని మధ్యలో ఆపేసేది ప్రయాణం. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో పిల్లవాడిని ఎత్తుకుని సికింద్రాబాద్ స్టేషన్లో దిగి, ఆటో మాట్లాడుకుని, పొద్దున్నే పరగడుపున రక్తం ఇచ్చి, సాయంత్రం బండికి తిరిగి వెళ్లే కుటుంబానికి ప్రతి రాకా రెండు మూడు రోజుల కూలి పోగొడుతుంది. దారిఖర్చు, పోయిన కూలి ఇవ్వవచ్చని ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎంత ఇస్తారో ఎథిక్స్ కమిటీ ముందే ఆమోదించాలి. ఎన్నిసార్లు రావాలి, తోడు వచ్చేవారికి కూడా ఇస్తారా అన్నవి మొహమాటం లేకుండా మొదటి రోజే అడగాలి.

సంతకం వెనక చరిత్ర

1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి ఇచ్చాడు. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. సమ్మతి పత్రం అన్న ఊహే లేని కాలమది కాబట్టి రాస్‌ను ఇవాళ్టి చట్టంతో తూచలేం. కానీ 112 ఏళ్ల తర్వాత ఖమ్మం జిల్లాలో జరిగినదానికి ఆ సాకు చెల్లదు.

2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిరోధించే హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, ఐసీఎంఆర్ కలిసి చేపట్టిన ప్రాజెక్టు అది. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణ కమిటీ తేల్చలేదు. ఆ టీకాను తర్వాత ఎన్నో దేశాలు వాడుతూ వచ్చాయి. తప్పు టీకాలో కాదు, సంతకంలో దొరికింది. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సమ్మతి పత్రాలపై సంతకాలు పెట్టారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఈ మధ్యలోనే, 2011లో, గుంటూరు జిల్లా పిడుగురాళ్ల పేద మహిళలను హైదరాబాద్ తీసుకువచ్చి రొమ్ము క్యాన్సర్ మందు పరీక్షలో వాడిన సంగతి బయటపడి, ఆ పరీక్ష జరిపిన సంస్థ అనుమతిని ఔషధ నియంత్రణ అధికారి నిలిపేశారు. ఇప్పటికీ ట్రయల్ అన్న మాట వినగానే తెలుగు ఇళ్లలో భయం పుడుతుందంటే ఆ భయానికి ఆధారం ఉంది.

ఇండోర్‌కు చెందిన స్వాస్థ్య అధికార్ మంచ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013లో జోక్యం చేసుకుంది. సమ్మతి తీసుకునే తీరును వీడియో తీయాలన్న నియమం అప్పుడే వచ్చింది. చివరికి 2019 మార్చి 19న కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వెలువడ్డాయి. ఇప్పుడు రోగి చేతిలో ఉన్న హక్కులకు మూలం ఇవే. కొత్త రసాయన మందును బలహీన స్థితిలో ఉన్నవారిపై పరీక్షిస్తే సమ్మతిని వీడియో తీయాలి. సమాచార పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవలేనివారికి నిష్పక్షపాత సాక్షి ఎదుట చదివి వినిపించాలి. సంతకమైన పత్రం కాపీ రోగికి ఇవ్వాలి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, తప్పుకోవచ్చు. దానివల్ల ఆ ఆస్పత్రిలో మామూలు వైద్యం ఆగకూడదు. పిల్లల తరఫున తల్లిదండ్రులు సంతకం చేసినా, ఏడేళ్లు నిండిన బిడ్డ ఇష్టాన్ని కూడా విడిగా అడగాలి.

తెలుగులో ఇచ్చే పత్రాలు చాలావరకు పేరుకే తెలుగు. ఇంగ్లిష్ వాక్యాన్ని మాటకు మాట మార్చేసిన ఆ భాష డిగ్రీ చదివినవారికీ కొరకరాని కొయ్యే. సిగ్గుపడాల్సింది చదివేవారు కాదు. నాకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి అని అడిగి, విన్నది తిరిగి చెప్పి, ఇంటికి తీసుకెళ్లి నలుగురితో మాట్లాడి రెండు రోజుల తర్వాత సంతకం చేస్తామనవచ్చు. అందుకు ఒప్పుకోని చోట చేరకపోవడమే మేలు.

పత్రం చివర చదువు, వృత్తి, ఏడాది ఆదాయం, నామినీ పేరు రాయమనే గళ్లు ఉంటాయి. నామినీ ఎందుకని చాలామంది ఉలిక్కిపడతారు. ట్రయల్ వల్ల మరణం సంభవిస్తే పరిహారం ఎవరికి చేరాలో రాసే చోటు అది. పరిహారానికి నిబంధనల్లోనే ఒక సూత్రం ఉంది. 8 లక్షల రూపాయల మూల మొత్తాన్ని తీసుకుని వయసును, ముందే ఉన్న జబ్బు తీవ్రతను బట్టి గుణిస్తారు. ఆదాయం అడిగినా ఆ సూత్రంలో దానికి చోటు లేదు. కూలీకైనా కలెక్టరుకైనా లెక్క ఒకటే. ట్రయల్‌లో ఉండగా ఏదైనా తీవ్రమైన హాని జరిగితే పరిశోధకుడు 24 గంటల్లో ఔషధ నియంత్రణ అధికారికి, డబ్బు పెట్టిన కంపెనీకి, ఎథిక్స్ కమిటీకి తెలపాలి. ఆ హానికి ట్రయల్‌తో సంబంధం లేదని తేలేవరకు, లేదా అవసరమైనంత కాలం, ఉచితంగా వైద్యం చేయించాలి. ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. సగం మంది ఆ ఆస్పత్రికి సంబంధం లేనివారై ఉండాలి. ఒక మహిళ, న్యాయం తెలిసినవారు ఒకరు, వైద్యం చదవని సామాన్యులు ఒకరు తప్పనిసరి.

డబ్బు అడిగితే

ట్రయల్‌లో మందుకూ, ట్రయల్ కోసం చేసే పరీక్షలకూ రోగి డబ్బు కట్టనక్కర్లేదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలా మోసాలు గడప దగ్గరే ఆగిపోతాయి. ఆటిజానికి, మెదడు ఎదగని పిల్లలకు, కండరాల క్షీణతకు స్టెమ్‌సెల్స్‌తో నయం చేస్తామంటూ లక్షలు వసూలు చేసే క్లినిక్కులు నగరంలో ప్రకటనలు ఇస్తుంటాయి. 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం రక్తసంబంధ వ్యాధుల్లాంటి కొన్ని ఆమోదిత సందర్భాల్లో తప్ప స్టెమ్‌సెల్స్‌ను చికిత్సగా అమ్మకూడదు. అనుమతి ఉన్న ట్రయల్‌లోనే వాడాలి. ఇది ట్రయలేనండీ, కాస్త ఖర్చవుతుంది అనేవారిని సీటీఆర్ఐ సంఖ్య అడగాలి. సంఖ్య చెప్పినా పేజీ తెరిచి, ఆ క్లినిక్కు పేరు కేంద్రాల జాబితాలో ఉందో లేదో చూడాలి. రిజిస్ట్రీలో నమోదు అంటే ప్రభుత్వం మెచ్చుకుందని అర్థం కాదన్నదీ మరువకూడదు. ఔషధ నియంత్రణ అధికారి అనుమతి గడి వేరే ఉంటుంది, దాన్నీ చూడాలి.

ఇంకో వైపు, రోగికే డబ్బు ఆశ చూపే ప్రకటనలూ ఉంటాయి. అవి ఎక్కువగా ఆరోగ్యవంతుల రక్తంలో మందు ఎంత చేరిందో కొలిచే బయో ఈక్వివలెన్స్ పరీక్షలకు సంబంధించినవి. సిండ్రోమ్ ఉన్నవారికి వాటితో పని లేదు. పిడుగురాళ్లలో జరిగిన వ్యవహారం ఆ కోవదే.

ట్రయల్ ముగిశాక మందు సంగతేమిటన్నది ఎవరూ అడగని, అందరూ అడగాల్సిన ప్రశ్న. మందు పనిచేసింది, పిల్లవాడు కాస్త నిలబడగలిగాడు, ఆర్నెల్లకు ట్రయల్ ముగిసింది. తర్వాత? 2019 నిబంధనలు దీనికొక దారి చూపాయి. వేరే చికిత్స లేనప్పుడు, ఆ మందు ఆ రోగికి మేలు చేసిందని పరిశోధకుడు సిఫారసు చేసి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటే, కంపెనీ ఉచితంగా ఇవ్వాలి. రోగి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అలా ఇచ్చిన మందు వల్ల కలిగే పరిణామాలకు కంపెనీ బాధ్యత ఉండదు. ఈ మాట సమాచార పత్రంలో ఉందో లేదో చేరకముందే చూసుకోవాలి. చేరాక అడిగితే బలం తగ్గుతుంది.

సమ్మతి పత్రం కాపీ, ట్రయల్ సంఖ్య, కోఆర్డినేటర్ ఫోను నంబరు ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచాలి. అర్ధరాత్రి పిల్లవాడికి ఒళ్లు తెలియకపోతే దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లేటప్పుడు ఆ కాగితం వెంట ఉండాలి, ఏ మందు పరీక్షిస్తున్నారో అక్కడి డాక్టరుకు తెలియాలి. ట్రయల్ నడిపే డాక్టరుతో పేచీ వస్తే ఫిర్యాదు చేయాల్సింది ఎథిక్స్ కమిటీకి. దాన్ని సంప్రదించే వివరాలు కూడా ఆ కాగితం మీదే ఉంటాయి.